కమలాదేవి చట్టోపాధ్యాయ: కలంకారీకి పునర్జీవనం

ఈ వార్షిక సంచికకు ముఖపత్రం తీర్చే పని మొదలైనపుడు మా సంపాదక వర్గంలోని ఒక విద్యార్థి కంప్యూటరు తెరపై చక్కని నేపథ్యాన్ని పరచి చూపాడు. మామిడిపిందెలు, సన్నని తీగలు, నడుమ నడుమ చిన్న పూలు. మొదలు ఎక్కడో, తుది ఎక్కడో తెలియకుండా పుట యావత్తు నిండిన నగిషీ అది. పరికించి చూడగా అదంతా ఒకే ఒక చిన్న చదరం. ఆ చదరపు కుడి అంచున తెగిన తీగ ఎడమ అంచున అందుకొనేటట్లు, పై అంచున సగమైన పువ్వు క్రింది అంచున పూర్తి అయ్యేటట్లు దానిని గీస్తారు. పిమ్మట యంత్రం దానిని ప్రక్కప్రక్కన, పైనా క్రిందా, ఎన్ని పర్యాయాలైనా పేరుస్తుంది. కంటికి అతుకు కనబడదు. మా సంచిక చివరి పుటలో బొమ్మలు గీసినవారి పేర్లు ముద్రించడం ఆచారం. ఈ నగిషీ ఎవరిది అని అడిగాము. ఆ అబ్బాయి చెప్పలేకపోయాడు. మాలోనూ ఎవరికీ తెలియలేదు. పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగా మిగిలింది.

పని లోకానికి కనబడుతుంది, పనివాడు కనబడడు. ఈ అన్యాయాన్ని సవరించడానికి తన జీవితంలో సగభాగాన్ని ధారపోసిన మహనీయురాలు శ్రీమతి కమలాదేవి చట్టోపాధ్యాయ. ఆమె మన జిల్లాలో జన్మించలేదు. మన తెలుగు గాని, ఉర్దూ గాని ఆమె మాతృభాష కాదు. అయినప్పటికీ తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపున ఉన్న శ్రీకాళహస్తిలో నేటికీ కలంకారీ కలం ఆగక నడుస్తున్నదంటే అందుకు కారకులైన కొద్దిమందిలో ఆమె అగ్రగణ్యురాలు. కావున ఆమె జీవితాన్ని మన విద్యార్థులకు పరిచయం చేయడం మా విధి అని తలచాము.

బాల్యం, విద్య

కమలాదేవి 1903 ఏప్రిల్ 3వ తేదీన మంగుళూరులో జన్మించారు. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ ప్రభుత్వంలో ఉన్నతోద్యోగి. తల్లి గిరిజాబాయి విద్యావంతురాలు, స్వాభిమానం గల స్త్రీ. కమలాదేవి ఏడేళ్ళ బాలికగా ఉండగానే తండ్రి మరణించారు. ఆయన వీలునామా వ్రాయలేదు. నాటి చట్టాన్ని అనుసరించి ఆస్తి యావత్తు ఆయన మొదటి భార్య కుమారునికి చెందింది. భార్యకు, కూతురికి దక్కినది భరణం మాత్రమే. గిరిజాబాయి ఆ భరణాన్ని కూడా స్వీకరించక, తన స్త్రీధనంతోనే కుమార్తెను పెంచడానికి నిశ్చయించుకున్నారు. ఒక ఇంటిని నిలబెట్టిన స్త్రీకి ఆ ఇంటి లెక్కల్లో పేరే లేకపోవడమన్నది ఏమిటో ఆ బాలికకు అంత చిన్న వయస్సులోనే తెలిసివచ్చింది.

నాటి ఆచారం ప్రకారం పాఠశాలలో చదువుతుండగానే ఆమెకు వివాహం జరిగింది. రెండేళ్ళు గడవకముందే భర్త మరణించారు. మూలన కూర్చోవలసిన వైధవ్యాన్ని త్రోసిపుచ్చి ఆమె చదువు కొనసాగించారు. మద్రాసులోని క్వీన్ మేరీస్ కళాశాలలో చదువుకొనే రోజులలో హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయతో పరిచయం కలిగింది. ఆయన కవి, నటుడు, నాటకకర్త. మన పాఠకులు ఆయనను సులభంగానే గుర్తించగలరు. ఆయన హైదరాబాదు వాసి, సరోజినీ నాయుడుకు స్వయాన సోదరుడు. ఆయన తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ నేటి నిజాం కళాశాలకు మూలమైన హైదరాబాదు కళాశాలకు తొలి ప్రధానాచార్యులు. బంధువర్గంలో కొందరు ఎంత వ్యతిరేకించినా ఆ యువతి హరీంద్రనాథ్‌ను పునర్వివాహం చేసుకున్నారు. దంపతులిద్దరూ కలిసి నాటకాలాడారు. 1931లో వెలువడిన మృచ్ఛకటిక మూగచిత్రంలోనూ ఆమె నటించారు. కుటుంబ స్త్రీలు రంగస్థలం ఎక్కడమే తప్పుగా భావించిన కాలమది. ఆ దాంపత్యం తుదకు విడాకులతో ముగిసినా, నాటకకళపై ఆమెకు గల మక్కువ మాత్రం కడవరకూ తగ్గలేదు.

స్వాతంత్ర్య సమరం

ఇంగ్లండు వెళ్ళి లండనులోని బెడ్‌ఫర్డ్ కళాశాలలో సామాజిక శాస్త్రం అభ్యసిస్తున్న కమలాదేవిని మహాత్ముని ఉద్యమం స్వదేశానికి రప్పించింది. ఆమె సేవాదళంలో చేరి స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. 1926లో మద్రాసు శాసనమండలికి మంగుళూరు నుండి పోటీచేసి అతి స్వల్పమైన తేడాతో ఓడిపోయారు. మన దేశంలో చట్టసభకు పోటీచేసిన తొలి మహిళగా ఆమెను పేర్కొంటారు. ఆ మరుసటి సంవత్సరం ఏర్పడిన అఖిల భారత మహిళా సభకు నిర్వహణ కార్యదర్శి అయ్యారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం ఆరంభమైనపుడు దండి యాత్రకు బయలుదేరిన దళంలో స్త్రీలు లేరు. ఈ ఉద్యమంలో స్త్రీలకు సమాన స్థానం ఉండి తీరాలని గాంధీజీ ఎదుటనే వాదించి ఒప్పించిన వారిలో కమలాదేవి ముఖ్యులు. ఆపై బొంబాయి సముద్రతీరాన ఉప్పు వండి, పొట్లాలు కట్టి, స్టాక్ ఎక్స్ఛేంజి భవనం లోపలికి ప్రవేశించి అక్కడి వర్తకులకే అమ్మజూపారు. అందుకు కారాగారవాసం ప్రాప్తించింది. 1936లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీకి అధ్యక్షత వహించారు. పలుమార్లు చెరసాలకు వెళ్ళారు.

స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట ఆమె తోటివారిలో పలువురు మంత్రులు, గవర్నర్లు, రాయబారులు అయ్యారు. ఆమె ఆ దారిని పోలేదు. 1948లో భారతీయ సహకార సంఘాన్ని నెలకొల్పి, దేశ విభజనలో సర్వస్వం కోల్పోయి వాయవ్య సరిహద్దు ప్రాంతం నుండి తరలివచ్చిన శరణార్థుల కొరకు పనిచేశారు. ఢిల్లీ సమీపంలోని ఫరీదాబాదులో దాదాపు 50,000 మందికి ఒక పట్టణమే వెలసింది. శరణార్థులకు దానం చాలదని, చేతిలో పని, ఆ పనిలో గౌరవం కావాలని ఆమె అక్కడ స్వయంగా గ్రహించారు. చేతివృత్తుల వైపు ఆమె పూర్తిగా మళ్ళడానికి ఈ అనుభవం దోహదం చేసింది.

మన తీరపు నగిషీ

1952లో భారత ప్రభుత్వం అఖిల భారత హస్తకళల బోర్డును ఏర్పరచింది. రమారమి ఇరవై సంవత్సరాలు కమలాదేవి దానికి సారథ్యం వహించారు. ఆమె ముందున్న పని ఎంతటిదో తెలియాలంటే మన తీరపు అద్దకం కథను కొంత చెప్పుకోవాలి.

కలంకారీ అనేది పారసీక పదం. కలంతో చేసే పని అని అర్థం. మన తెలుగువారు దీనినే వ్రాతపని అన్నారు. రెండు మాటలకూ భావం ఒకటే. నగిషీ అని మనం నిత్యం వాడే తెలుగు మాట కూడా పారసీక, ఉర్దూ భాషలలోని నక్ష్ నుండి వచ్చినదే. రెండు భాషలలో వెలువడే ఈ సంచిక పాఠకులకు ఇంతకంటె ఇంపైన సంగతి ఏముంటుంది! గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుండి ఈ వస్త్రాలు పారసీక దేశానికి ఓడలపై తరలిపోయేవి. అక్కడివారి అభిరుచికి తగినట్లు తీగలు, మామిడిపిందెలు, సైప్రస్ చెట్లు, నమాజు వస్త్రాలపై మెహరాబు ఆకృతులు మన అద్దకంలో ప్రవేశించాయి.

కృష్ణా తీరంలో ఈ పని ముఖ్యంగా చెక్క అచ్చులతో సాగుతుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు. అచ్చు చెక్కేవాడు దాని నాలుగు అంచులనూ పొందికగా తీర్చాలి. ఒకసారి వేసిన అచ్చు పక్కనే రెండవసారి వేసినపుడు తీగకు తీగ, రేకుకు రేకు కలియాలి. వెంట్రుకవాసి తప్పినా గుడ్డ పొడవునా అతుకు గీతగా కనబడుతుంది. మా విద్యార్థి తెరపై చూపిన చదరానికి తాత ఈ చెక్క అచ్చే.

ఐరోపా ఖండంలో ఈ వస్త్రాలకు ఎంతటి గిరాకీ వచ్చినదంటే, స్థానిక నేతవారి మొర ఆలకించి ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతులను అరికట్టి, 1721లో వాడకాన్నే నిషేధించింది. ఒకవైపు నిషేధాలు, మరొకవైపు రహస్యాన్వేషణ. తెలుగు నేర్చిన కేర్దూ అనే ఫ్రెంచి మతగురువు 1742లో ఇక్కడి పనివారిని అడిగి తెలుసుకొని అద్దకపు పద్ధతి యావత్తు లేఖగా వ్రాసి పంపాడు. లేఖ వ్రాసినవాని పేరు చరిత్రలో నిలిచింది. విద్య చెప్పిన పనివారి పేర్లు నిలువలేదు. 1783లో స్కాట్లండు దేశీయుడు థామస్ బెల్ నగిషీ చెక్కిన రాగి రోలరుతో గుడ్డపై అచ్చువేసే యంత్రానికి పేటెంటు పొందాడు. రోలరు గుండ్రనిది గనుక దానిపై తీగకు మొదలూ తుదీ ఉండవు. అది తిరిగినంతసేపూ నగిషీ సాగుతూనే ఉంటుంది. మన పనివాడు దినమంతా అద్దే గుడ్డను యంత్రం కొద్దిసేపటిలో అద్దివేసింది. 1869లో మంజిష్ఠ ఎరుపుకు, 1897లో నీలిమందుకు బదులు కృత్రిమ రంగులు కర్మాగారాల నుండి రాసాగాయి. యంత్రపు గుడ్డ చౌకగా మన సంతలకే తిరిగి వచ్చింది.

శ్రీకాళహస్తి

శ్రీకాళహస్తి పని మచిలీపట్నపు పనికి భిన్నం. ఇక్కడ అచ్చు లేదు. అంతా చేతి వ్రాతే. దేవాలయాలలో వ్రేలాడదీసే పెద్ద వస్త్రాలపై రామాయణ, భారత, భాగవత కథలను వరుసలు వరుసలుగా గీసి, బొమ్మల క్రింద తెలుగులో కథ వ్రాస్తారు. బొమ్మకూ బొమ్మకూ నడుమ ఉన్న తావును పూలతో, చుక్కలతో నింపుతారు. అంచుల వెంట తీగ ఆగకుండా సాగుతుంది.

పని తీరు కొంత వివరిస్తాము. ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరవేస్తారు. పాలలోని క్రొవ్వు రంగు ప్రాకకుండా కాపాడుతుంది. చింతబొగ్గుతో గీతలు గీస్తారు. వెదురు పుల్లకు ఉన్ని గాని గుడ్డ గాని చుట్టి, దారంతో బిగించినదే కలం. దానిని మెల్లగా నొక్కుతూ ఉంటే రంగు చుక్కచుక్కగా కొనకు దిగుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం, నీరు కలిపి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవం గుడ్డపై పడగానే కరక్కాయలోని వగరుతో కలిసి నలుపవుతుంది. పటిక నీరు పూసిన చోటనే ఎరుపు పట్టుతుంది. పసుపుపచ్చకు కరక పువ్వు, దానిమ్మ తొక్క; నీలానికి నీలిమందు. ప్రతి దశలోనూ గుడ్డను పారే నీటిలో జాడించాలి. అందుకే ఈ కళ స్వర్ణముఖి ఒడ్డున వర్ధిల్లింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ విద్య తెలిసిన వృద్ధులు కొద్దిమంది మాత్రమే మిగిలారు. దేవాలయాల నుండి, జమీందారుల నుండి వచ్చే పని తగ్గింది. తండ్రి విద్య కొడుకుకు కూడు పెట్టనపుడు కొడుకు దానిని ఎందుకు నేర్చుకుంటాడు? మరొక తరం గడిస్తే నేర్పేవారు కూడా ఉండని స్థితి. ఆ సమయంలో కమలాదేవి దృష్టి ఈ ఊరిపై పడింది. ఆమె నాయకత్వంలోని బోర్డు చేయూతతో 1950ల చివరి భాగంలో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం వెలసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ గురువుగా యువకులకు ఈ విద్య నేర్పారు. ఒక ఇంటి విద్య ఆ విధంగా ఊరి విద్య అయింది. లక్ష్మయ్య గారి కుమారుడు గురప్ప చెట్టి గారిని భారత ప్రభుత్వం 2008లో పద్మశ్రీతో గౌరవించింది.

శిక్షణ ఒక్కటే చాలదని కమలాదేవి ఎరుగుదురు. వస్త్రం కొనేవాడు లేనిదే విద్య నిలువదు. నగరాలలో విక్రయశాలలు, ప్రదర్శనలు ఏర్పడడానికి ఆమె పాటుపడ్డారు. గుడి గోడకు పరిమితమైన పని చీరల మీదికి, దుప్పట్ల మీదికి, తెరల మీదికి వచ్చింది. కథాపురుషుల వెనుక ఒదిగి ఉన్న తీగలు, పూలు, చిలుకలు, నెమళ్ళు ముందుకు వచ్చి తామే వస్త్రానికి అందమయ్యాయి. నాడు నేపథ్యం అనిపించుకున్న నగిషీ నేడు పెక్కు కుటుంబాలకు అన్నం పెడుతున్నది. ఈ పని చేసేవారిలో నేడు స్త్రీలు ఎందరో ఉన్నారు. తండ్రి ఆస్తిలో చోటు దక్కని ఆ మంగుళూరు బాలికకు ఇంతకు మించిన తృప్తి ఏముంటుంది!

పనివారి పేరు లోకానికి తెలియాలన్నది ఆమె పట్టుదల. ఉత్తమ కళాకారులకు జాతీయ పురస్కారాలు ఏర్పడడం వెనుక ఆమె కృషి ఉన్నది. వస్త్రం క్రింద, బొమ్మ క్రింద, కుండ క్రింద చేసినవారి పేరు చెప్పుకొనే సంప్రదాయం అలా బలపడింది. 1964లో భారత హస్తకళా మండలి స్థాపనకు, అదే సంవత్సరం న్యూయార్కులో ఏర్పడిన ప్రపంచ హస్తకళా మండలికి ఆమె మూలస్తంభంగా నిలిచారు. 1955లో పద్మభూషణ్, 1966లో రామన్ మెగసెసే పురస్కారం, 1987లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. 1988 అక్టోబరు 29వ తేదీన బొంబాయిలో పరమపదించారు.

మనకు మిగిలిన పని

కమలాదేవి కృషి వలన సమస్యలన్నీ తీరిపోయాయని చెప్పడం సత్యం కాదు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది. అయినా యంత్రంపై అచ్చువేసిన గుడ్డలు అదే పేరుతో అంగళ్ళలో అమ్ముడుపోతూనే ఉన్నాయి. చేతితో వారాల తరబడి వ్రాసిన చీర, గంటలో అచ్చయిన చీర ఒకే కొయ్యకు వ్రేలాడుతున్నపుడు, కొనేవారికి తేడా తెలియకపోతే ఓడిపోయేది చేతిపనియే. పరిశీలించి చూస్తే తేడా దొరకక పోదు. యంత్రపు నగిషీలో ప్రతి పువ్వూ ముందటి పువ్వు వలెనే ఉంటుంది. కలం పట్టిన చేయి ఒక్క పువ్వును రెండుసార్లు సరిగ్గా ఒకే తీరున గీయదు.

యంత్రాన్ని నిందించడం మా ఉద్దేశం కాదు. కంప్యూటరుపై నగిషీలు కూర్చే విద్య నేటి యువతకు జీవనోపాధి. మన విద్యార్థులు కొందరు ఆ రంగంలోనే ఉద్యోగాలు చేయనున్నారు. వారికి మేము చెప్పదలచినది ఒక్కటే. తెర నుండి ఒక నగిషీని తీసుకొనే ముందు అది ఎవరిదని ఒక్క ప్రశ్న వేసుకోండి. తెలిస్తే పేరు వ్రాయండి. తెలియకపోతే మీరే ఒకటి గీయడానికి ప్రయత్నించండి. కళాశాల పాలక సంఘం వారికి కూడా మా విన్నపం ఒకటి ఉన్నది. ఏటేటా జరిగే విహారయాత్రలలో ఒక్క దినం శ్రీకాళహస్తి కలంకారీ పనివారి ఇండ్లకు కేటాయించవలసినదిగా ప్రార్థిస్తున్నాము. చేతి నుండి రంగు దిగడాన్ని ఒక్కసారి చూసిన విద్యార్థి ఆ తేడాను మరువడు.

తుదకు మా ముఖపత్రం సంగతి. ఆ పేరులేని నేపథ్యాన్ని విడిచిపెట్టాము. ఉర్దూ విభాగపు విద్యార్థిని ఒకరు, తెలుగు విభాగపు విద్యార్థి ఒకరు కలిసి కాగితంపై ఒక చదరం గీశారు. మొదటి ప్రయత్నంలో అతుకు స్పష్టంగా కనబడింది. రెండవ, మూడవ ప్రయత్నాలలో తీగ కలిసింది గాని పువ్వు కలియలేదు. నాలుగవసారికి రెండూ కలిశాయి. ఈ సంచిక అట్టపై పాఠకులు చూస్తున్న నగిషీ అదే. గీసిన ఇద్దరి పేర్లూ చివరి పుటలో ఉన్నాయి.